ఏడున్నర బస్సు ఏడున్నరకే రావాలంటే

పోయిన నెల ఇదే పేజీలో ‘బస్సు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?’ అని ఒక్క లైను వేసి వదిలాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన వాట్సాప్ మెసేజీలు, వాటితోపాటు మూడు ఇన్‌లాండ్ లెటర్లు (ఇంకా దొరుకుతున్నాయంటే నాకే ఆశ్చర్యం) చదివేసరికి రెండు రాత్రులు పట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో కండక్టరుగా టికెట్లు కొట్టి రిటైరైనవాణ్ణి కాబట్టి జవాబులు నన్నే రాయమన్నారు. అన్నీ వేయడం కుదరదు. ఊళ్ళ పేర్లు కొన్ని, డిపోల పేర్లు అన్నీ తీసేశాను, ఇది ఎవరి మీదా కంప్లయింట్ పేజీ కాదు.

సార్, నేను వింజమూరు వైపు ఒక పల్లె నుంచి రోజూ టౌనుకు పోయి ప్రైవేటు స్కూల్లో చెప్తాను. ఫ్రీ బస్సు వచ్చాక నెలకు పన్నెండు వందలు మిగిలిన మాట నిజం, కాదనను. కానీ పొద్దున ఏడున్నర బస్సులో కాలు పెట్టే సందు లేదు. సోమవారమైతే ఆపకుండానే పోతాడు, షేర్ ఆటోకి నలభై ఇచ్చుకుని పోవాలి. అసలు ఉచితం పెట్టడమే తప్పంటారా? – ఒక టీచరమ్మ

తప్పనను తల్లీ. మీకు మిగిలిన ఆ పన్నెండు వందలు ఇంట్లో ఎవరినీ అడగకుండా మీ చేతిలో ఉండే డబ్బు, దాని విలువ నాకు తెలుసు. నా సర్వీసులో ఎందరో ఆడవాళ్ళు చీర చెంగు ముడి విప్పి, లెక్కపెట్టి, రెండు రూపాయలు తక్కువై, ఒక స్టేజీ ముందే దిగి నడిచిపోయారు. ఆ నడక తప్పింది, మంచిదే.

ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేయడంలో మన ఆంధ్రప్రదేశ్ మొదటిదేమీ కాదు కూడా. ఢిల్లీలో 2019లోనే గులాబీ టికెట్ వచ్చింది, తమిళనాడు 2021లో మొదలుపెట్టింది, కర్ణాటక 2023 జూన్‌లో, తెలంగాణ అదే ఏడాది డిసెంబరులో. మనకు 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి వచ్చింది, పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఈ ఐదు రకాల్లో. మీరు ఆధార్ చూపిస్తారు, కండక్టరు మిషన్‌లో జీరో టికెట్ కొడతాడు. డబ్బులు లేనప్పుడు టికెట్ ఎందుకు అని చాలామంది విసుక్కుంటారు, దయచేసి విసుక్కోకండి. మీరు ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగుతారు, ఆ టికెట్ ఖరీదెంత అనేది ఆ కాగితంతోనే లెక్కలోకి వస్తుంది, ఆ లెక్క చూపించి ఆర్టీసీ సంస్థ ప్రభుత్వాన్ని డబ్బు అడగాలి.

అసలు చిక్కు ఇక్కడుంది. ప్రభుత్వం ఇచ్చేది టికెట్ డబ్బు. మీకు కావలసింది బస్సు. నిన్న యాభై మంది డబ్బులిచ్చి ఎక్కిన బస్సుకు ఇవాళ అదే యాభై మంది డబ్బు సర్కారు నుంచి వస్తే పాత బస్సు పాత లెక్కలో నడుస్తుంది, అంతే. రెండో బస్సు ఎక్కడినుంచి వస్తుంది?

ఆ రెండో బస్సు ఖర్చు ఎట్లా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే కిక్కిరిసిన బస్సు చూడగానే అందరూ ‘అబ్బ, ఎంత కలెక్షనో’ అనుకుంటారు. ఏడున్నరకు ఇంకో బస్సు వేయాలంటే ఒక బండి, ఒక డ్రైవరు, ఒక కండక్టరు కావాలి. అది ఎనిమిదిన్నరకు మిమ్మల్ని టౌన్లో దించుతుంది. మళ్ళీ సాయంత్రం నాలుగున్నర దాకా దానితో ఎవరికీ పని లేదు. మధ్యలో ఎనిమిది గంటలు బస్సు వేపచెట్టు కింద, డ్రైవరు ఆ బస్సు కింద. అంటే రోజంతటి జీతం, రోజంతటి బండి ఖర్చు ఆ రెండు ట్రిప్పుల మీదే పడుతుంది. కాబట్టి నిండుగా పోయే పొద్దుటి బస్సే డిపోకి అన్నిటికన్నా ఖరీదైన బస్సు కావచ్చు. ఈ సంగతి తెలియక మనం కండక్టర్ని తిడతాం, కండక్టరు ‘లోపలికి జరగండమ్మా, లోపల మైదానంలా ఉంది’ అని అబద్ధమాడతాడు, నేనూ ఆడాను.

దీనికి రెండు దార్లున్నాయి. మొదటిది, ప్రభుత్వం జీరో టికెట్ల లెక్కనే కాకుండా, ఆ జీరో టికెట్లు ఏ టైములో ఏ స్టేజీ దగ్గర పొంగుతున్నాయో చూసి, అక్కడ అదనపు ట్రిప్పుకి విడిగా డబ్బివ్వాలి. ఆ సమాచారం ఇప్పుడు మిషన్లలోనే ఉంది. మా రోజుల్లో ప్రతి స్టేజీ దగ్గరా ఎస్సార్ (ఎక్కడ ఎన్ని టికెట్లు తెగాయో రాసే కాగితం) నింపి, మోకాలి మీద కాగితం పెట్టి రాసిన అంకెలు డిపోలో ఎవరు చదివేవారో దేవుడికే తెలియాలి. రెండో దారికి కొత్త బండి అక్కర్లేదు. మీ టౌన్లో రెండు కాలేజీలు, మూడు స్కూళ్ళు ఉంటే అన్నీ తొమ్మిదికే బెల్లు కొడతాయి. ఒక్క కాలేజీ తన బెల్లు రెండు గంటలు ఆలస్యంగా పెట్టుకుంటే అదే బస్సు వెనక్కి వచ్చి రెండో ట్రిప్పు వేస్తుంది. పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి మాట్లాడే గంటలో పది నిమిషాలు దీని గురించి మాట్లాడండి.

అయ్యా, మాది కనిగిరి దాటినాక లోపలికి పది కిలోమీటర్లు. రోజుకు నాలుగు ట్రిప్పులుండేవి. జనం లేరని మధ్యాహ్నం ట్రిప్పు తీసేశారు, ఆనక సాయంత్రంది. ఇప్పుడు పొద్దున ఒకటి, అదీ వస్తే వచ్చినట్టు. నా భార్యకు వారానికి రెండుసార్లు డయాలసిస్. పోయేదానికి బస్సుంది, వచ్చేదానికి లేదు. జనం ఎక్కకపోతే ఎట్టా తిప్పుతాం అంటున్నారు. వాళ్ళ మాటా నిజమేనా? – ఒక రైతు

సగం నిజం పెద్దాయనా. మిగతా సగం నేను నా కళ్ళతో చూశాను.

నేను డ్యూటీ చేసిన ఒక రూట్లో కూరగాయల తట్టతో ఒకామె ఎక్కేది. తెల్లవారుజామున ఆరింటి బస్సుకు తట్ట పైకి అందించి, తను ఫుట్‌బోర్డు దగ్గరే కింద కూర్చునేది. టౌన్లో అమ్ముకుని రెండింటి బస్సుకు ఖాళీ తట్టతో వచ్చేది, ఆ తట్టలో పిల్లలకు ఒక కారప్పూస పొట్లం. రెండింటి ట్రిప్పులో పది పన్నెండు మందే ఉండేవారు. ఓఆర్ అంటే సీట్లలో ఎన్ని నిండాయో చెప్పే లెక్క, అది ఘోరంగా ఉందని ఆ ట్రిప్పు తీసేశారు. ఆమె ఏం చేస్తుంది? సాయంత్రం ఆరింటి దాకా బస్టాండులో కూర్చోలేదు కదా. ట్రాలీ ఆటో మాట్లాడుకుంది, రాను పోను. రెండింటి ట్రిప్పుతోపాటు మా పొద్దుటి ఆరింటి ట్రిప్పులో కూడా ఒక టికెట్, ఒక లగేజీ టికెట్ పోయాయి. అట్లా పది పన్నెండు మందీ పోయారు. ఆరు నెలలకు ఆరింటి ట్రిప్పు ఓఆర్ కూడా పడిపోయింది. ఖాళీ బస్సును తీసేసి డబ్బు మిగిల్చామనుకున్నారు గానీ నిండు బస్సుకు చిల్లు పెట్టుకున్నారు. రాను దారి లేనివాడు పోను టికెట్ కూడా కొనడు, ఈ ముక్క ఏ చార్టులోనూ కనబడదు.

చట్టంలోనే ఈ పేచీ ఉంది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 18వ సెక్షన్‌లో చాలినంత, సమర్థమైన రవాణా ఏర్పాటు చేయడం సంస్థ బాధ్యత అంటుంది. నాలుగు సెక్షన్లు దాటి 22కి వచ్చేసరికి వ్యాపార సూత్రాల మీద నడవాలి అంటుంది. మీ ఊరికి బస్సు పంపితే 18 ప్రకారం పుణ్యం, 22 ప్రకారం పాపం. డిపో మేనేజర్ ఏం చేస్తాడు పాపం, ఆయన్ను రోజూ అడిగేది 22వ లెక్కే.

నేను చెప్పేది ఒకటే. 22వ లెక్కలో నిలవని ట్రిప్పులకు డబ్బు ఎవరిస్తారో ముందే రాసుకోవాలి. ఏడాది చివర ‘ఇంత నష్టం వచ్చింది, పూడ్చండి’ అని గుండుగుత్తగా అడగడం కాదు. ‘ఈ ఊరికి, ఈ టైముకు, ఏడాది పొడుగునా ఈ ట్రిప్పు తిప్పుతాం, కిలోమీటరుకు ఇంత తక్కువ పడుతుంది, ఆ తేడా మీరివ్వాలి’ అని ప్రభుత్వంతో కాగితం ఉండాలి. తిప్పని రోజు డబ్బు కోత పడాలి. ఉదాహరణకు కిలోమీటరుకు అరవై ఖర్చయి నలభై వస్తుందనుకుందాం. మీ ఊరి నుంచి టౌనుకు పది కిలోమీటర్లు, రానూపోనూ ఇరవై. ఇరవై కిలోమీటర్లకు ఇరవై రూపాయల చొప్పున నాలుగు వందలు. ఒక మనిషి డయాలసిస్‌కి పోయి రావడానికి ఆటో మాట్లాడుకుంటే ఎంతవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, దాదాపు అదే డబ్బుతో ఊరంతా పోయి రావచ్చు.

ఇదేదో గొంతెమ్మ కోరిక కాదు. ఇంగ్లండులో 1986లో బస్సుల్ని ప్రైవేటుకు వదిలేశాక, లాభం రాని పల్లె ట్రిప్పుల్ని అక్కడి కౌన్సిళ్ళు టెండర్ పిలిచి డబ్బిచ్చి తిప్పించుకుంటున్నాయి. స్విట్జర్లాండులో జ్యూరిక్ వైపు మూడు వందల మంది ఉన్న ఊరికి బస్సో రైలో ఉండి తీరాలని రాసిపెట్టుకున్నారు. అంతదూరం ఎందుకు, మన అద్దె బస్సులే చూడండి. బండి, డ్రైవరు ఓనర్‌వి, కండక్టరు మాత్రం సంస్థవాడు. ఓనర్‌కి డబ్బిచ్చేది కిలోమీటర్ లెక్కన, ఎంతమంది ఎక్కారన్నది ఆయనకు సంబంధం లేదు. సంస్థ అద్దె ఓనర్‌కి ఇచ్చే మర్యాద ప్రభుత్వం సంస్థకు ఇవ్వకూడదా?

ఇక మీరు చేయాల్సింది. నాలుగు ట్రిప్పులూ మళ్ళీ కావాలని అడగొద్దు, ఇవ్వరు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వెనక్కి ఒకటి, టైము మారకుండా, ఆదివారం కూడా, అని అడగండి. కాగితం మీద కోపం రాయొద్దు, అంకెలు రాయండి. బస్ పాస్ ఉన్న పిల్లలు ఎంతమంది, ఆసుపత్రికి ఏయే రోజుల్లో ఎంతమంది పోతారు, సంత ఏ వారం. సర్పంచ్ సంతకం పెట్టించి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. డయల్ యువర్ డీఎం (డిపో మేనేజర్‌తో ఫోన్లో మాట్లాడే కార్యక్రమం) పెట్టిన రోజు ఆ రసీదు నంబరు చెప్పి మాట్లాడండి. నంబరున్న మాటకు డిపోలో విలువ ఎక్కువ, ఇది లోపలివాడి మాట.

మగవాళ్ళం ఏం పాపం చేశాం సార్? మాకూ ఫ్రీ పెట్టొచ్చుగా. – ఒంగోలు నుంచి ముగ్గురు

అరవై దాటాక ఇరవై ఐదు శాతం రాయితీ ఉంది, ఓపిక పట్టండి. జోకు పక్కనపెడితే, అందరికీ ఉచితం పెట్టిన దేశం లేకపోలేదు. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి దేశమంతా బస్సుల్లో ఎవరెక్కినా టికెట్ లేదు. ఎస్తోనియాలో టాలిన్ నగరం 2013లోనే సొంత ఊరివాళ్ళకు తీసేసింది. టాలిన్‌లో పరిశీలించినవాళ్ళు చెప్పిందేమిటంటే, నడిచేవాళ్ళు బస్సెక్కారు గానీ కార్లవాళ్ళు పెద్దగా దిగిరాలేదని. మీ ముగ్గురిలో బైకున్నవాళ్ళు గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, పది రూపాయల టికెట్ వల్ల బస్సు ఎక్కడం లేదా, ముప్పావుగంట నిలబడాలి కాబట్టి ఎక్కడం లేదా?

నేను నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఉంటాను, ఇంట్లో రెండు బైకులు, ఒక కారు. పదేళ్ళుగా బస్సు ఎక్కలేదు. ఎక్కేవాళ్ళు టికెట్ కొనుక్కుంటే సరిపోతుంది కదా, నా పన్ను డబ్బుతో బస్సులెందుకు తిప్పాలి? – ఒక పాఠకుడు

సూటిగా అడిగారు, నాకు నచ్చింది. సూటిగానే చెప్తాను.

ట్రంకు రోడ్డులో మీరు కారు ఆపి షాపింగుకి వెళ్ళిన గంటసేపు, ఆ కారు కింద ఉన్న జాగా ఎవరిది? అక్కడ దుకాణం అద్దెకు తీసుకున్నవాణ్ణి అడుగుతే అంత జాగాకు నెలకెంతో చెప్తాడు. మీరు ఊరికే పెట్టారు. అదీ పన్ను డబ్బు సాయమే, దానికి సబ్సిడీ అని పేరు పెట్టలేదు కాబట్టి మనకు కనబడదు.

అసలు బస్సే మీకన్నా ఎక్కువ పన్ను కడుతోంది. మన రాష్ట్రంలో డీజిల్ మీద వ్యాట్ 22.25 శాతం, ఆపైన లీటరుకు నాలుగు రూపాయలు, ఇంకా రోడ్డు సెస్సు ఒక రూపాయి. పల్లెబస్సు లీటరుకు ఐదు కిలోమీటర్ల చిల్లర ఇస్తుంది. అంటే ఆత్మకూరు పోయి వచ్చేసరికి ఎంత పన్ను కక్కుతుందో వేసుకోండి. ఆ పన్ను తీసుకున్న ప్రభుత్వమే తర్వాత సంస్థకు సాయం అని కొంత ఇచ్చి పేపర్లో ఫొటో వేయించుకుంటుంది. కుడి జేబులోది తీసి ఎడమ జేబులో పెట్టడం. నన్నడిగితే మొదటి సంస్కరణ ఇదే, జనాన్ని మోసే బస్సు డీజిల్‌కు రాష్ట్ర పన్ను తీసేయడం, ఆ మిగిలిన డబ్బు ట్రిప్పులకే పెట్టాలని షరతు పెట్టడం.

2022 మార్చిలో టోకుగా కొనేవాళ్ళకు డీజిల్ ధర ఒక్కసారిగా లీటరుకు పాతిక రూపాయలు పెంచినప్పుడు ఏమైందో గుర్తుందా? బస్సులు డిపో బంకు వదిలి మన మామూలు పెట్రోలు బంకుల్లో లైను కట్టాయి. ఏప్రిల్‌లో డీజిల్ సెస్సు అని పల్లెవెలుగులో రెండు రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో ఐదు, పై బస్సుల్లో పది వేశారు. అంటే ప్రపంచంలో ఎక్కడో చమురు మండితే దాని సెగ తగిలింది కనిగిరి రైతుకు. మీకు తగల్లేదు అనను, కానీ మీకు బండి ఇంట్లో పెట్టే వీలుంది, ఆయనకు లేదు.

బయట దేశాల్లో ఈ లెక్కను ఇంకో తీరుగా చూశారు. బస్సు వల్ల లాభపడేది ఎక్కినవాడొక్కడేనా? పనివాళ్ళు టైముకు వస్తే లాభం ఫ్యాక్టరీకి. జనం దిగితే లాభం దుకాణానికి. స్టేషన్ పడితే లాభం పక్క స్థలం ఓనర్‌కి. ఫ్రాన్సులో 1971లో పారిస్‌లో మొదలుపెట్టి, పదకొండు మంది, ఆపైన పనివాళ్ళున్న యజమానుల దగ్గర జీతాల లెక్కన రవాణా పన్ను తీసుకుంటున్నారు. హాంకాంగ్‌లో మెట్రో సంస్థ స్టేషన్ల పైన, పక్కన ఇళ్ళు, మాల్స్ కట్టి ఆ డబ్బు వాడుకుంటుంది. లండన్‌లో 2003 ఫిబ్రవరి నుంచి నగరం నడిబొడ్డుకి కారు తెస్తే రుసుం, ఆ డబ్బు రవాణాకే ఖర్చు పెట్టాలని నియమం.

ఇవన్నీ నెల్లూరుకు అతకవు. గాంధీబొమ్మ దగ్గర లండన్ రుసుం పెడితే ఎన్నికల్లో ఎవరూ గెలవరు, పెట్టనూ కూడదు, బస్సు సరిగా లేని ఊళ్ళో బండికి రుసుం వేయడం అన్యాయం. కానీ వీఆర్‌సీ సెంటరు, ట్రంకు రోడ్డు చుట్టుపక్కల పార్కింగ్‌కు గంటకింత అని పెట్టి, అది కార్పొరేషన్ ఖజానాలో కలవకుండా టౌను బస్సుల ఖాతాలోకే పోయేట్టు చేయొచ్చు. యజమానుల సంగతి కూడా మనకు కొత్త కాదు. కృష్ణపట్నం వైపు, రొయ్యల ప్లాంట్ల వైపు కంపెనీ వ్యాన్లు ఊరూరా తిరిగి మనుషుల్ని ఎక్కించుకుంటాయి, అంటే యజమాని రవాణా ఖర్చు ఇప్పటికే పెడుతున్నాడు, కాకపోతే ఆ వ్యాను వాళ్ళవాళ్ళకే. నాలుగు ప్లాంట్లు కలిసి షిఫ్టు టైముకు ఒక మామూలు సర్వీసుకు డబ్బు కడితే అదే బస్సులో ముత్తుకూరు కాలేజీ పిల్లాడు కూడా పోతాడు. హాంకాంగ్ పద్ధతి మాత్రం మనవాళ్ళు సగమే నేర్చుకున్నారు. బస్టాండుల్లో దుకాణాలు పెట్టి అద్దెలు తీసుకుంటున్నారు, మంచిదే, కానీ కొన్నిచోట్ల దుకాణాలు పోను ప్రయాణికుడు నిలబడే జాగా మిగల్లేదు.

పదేళ్ళ తర్వాత ఒకసారి బస్సెక్కండి సార్. ఆత్మకూరు బస్టాండులో ఎక్కితే కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు ఆపుకోవడం మర్చిపోకండి, ఆ రిజర్వేషన్ ఇంకా చెల్లుతుంది.

నేను కోవూరు నుంచి నెల్లూరుకు షేర్ ఆటో తోలతా. ఫ్రీ బస్సు దెబ్బకి ఆడవాళ్ళు ఎక్కడం మానేశారు. మా కడుపు కొట్టి బస్సులు నడపడం న్యాయమా అన్నా?

నీ బాధ అబద్ధం కాదు తమ్ముడూ. 2025 అక్టోబరులో ఏడాదికి పదిహేను వేలు ఇవ్వడం మొదలుపెట్టారు, ఫైనాన్స్ కిస్తీలు తెలిసినవాడికి అది ఎన్ని నెలలకు వస్తుందో తెలుసు. నేను నీకు తియ్యగా చెప్పలేను. కోవూరు–నెల్లూరు మెయిన్ రోడ్డు మీద బస్సుతో పోటీపడి ఎవరూ గెలవలేరు, గెలవకూడదు కూడా, యాభై మందిని ఒక బండి మోస్తుంటే పది ఆటోలు అదే రోడ్డులో ఎందుకు?

కానీ బస్సు దిగినవాడు ఇంటిగుమ్మం దాకా పోవాలిగా. లోపలి ఊళ్ళకు, ఇరుకు వీధులకు బస్సు రాదు. బస్సు దిగేచోటే ఆటోలకు పక్కా స్టాండు, లోపలి ఊళ్ళకు ఖరారైన రేటు, రాత్రి చివరి బస్సు వచ్చేదాకా ఇద్దరు ఉండాలనే కట్టుబాటు, ఇవి యూనియన్ అడగాల్సినవి. మీరు అడుగుతున్నది ఫ్రీ బస్సు తీసేయమని. అది ఎవరూ తీయరు, ఈలోగా స్టాండు జాగా ఇంకెవరికో పోతుంది.

నడికుడి–శ్రీకాళహస్తి రైలు పూర్తయితే మా పొదిలి, కనిగిరి, పామూరు వాళ్ళకు బస్సు గొడవే ఉండదు కదా?

సుమారు 309 కిలోమీటర్ల లైను అది, మన మెట్టప్రాంతం మొత్తానికి పెద్ద వరం, నేనూ ఎదురుచూస్తున్నాను. కానీ కొత్త స్టేషన్లు భూమి దొరికిన చోట వస్తాయి గానీ ఊరి నడిబొడ్డున రావు. రైలు దిగిన మనిషి ఊళ్ళోకి రావడానికి మళ్ళీ బస్సే కావాలి. స్టేషన్ ఓపెనింగ్ రోజు రిబ్బన్ కత్తిరించేటప్పుడు, ఆ రైలు టైముకు బస్సు టైము కలిపారా అని ఒక్కరైనా అడగండి. రైలు రావడానికి ఐదు నిమిషాల ముందే బస్సు వెళ్ళిపోయే ఊళ్ళు నాకు బాగా తెలుసు.

కరెంటు బస్సులొస్తే నష్టాలు పోతాయంటున్నారు, నిజమా? – కావలి నుంచి

డీజిల్ ఖర్చు తగ్గుతుంది, పొగ, చప్పుడు పోతాయి. తిరుపతి నుంచి నెల్లూరుకు ఇప్పటికే తిరుగుతున్నాయి, ఎక్కి చూడండి, మన మాట మనకు వినబడుతుంది. 2023 ఆగస్టులో కేంద్రం పదివేల ఈ-బస్సుల పథకం ప్రకటించింది, నెల్లూరు కూడా ఆ జాబితాలో ఉంది. నాకు నచ్చింది బ్యాటరీ కన్నా అందులోని డబ్బు పద్ధతి. బండి కంపెనీకి కిలోమీటరు లెక్కన చెల్లిస్తారు, కేంద్రం సాయం పదేళ్ళ దాకా ఉంటుంది. చూశారా, కనిగిరి పెద్దాయన ట్రిప్పుకు నేను అడిగిందీ అదేగా. కరెంటు బస్సుకు పనికొచ్చిన సూత్రం డీజిల్ బస్సుకు పనికిరాకపోదు. ఒక్క జాగ్రత్త, పదేళ్ళ తర్వాత ఎవరు కడతారో ఇప్పుడే రాసుకోవాలి.

అంకుల్, ఫోన్లో బస్సు రెండు కిలోమీటర్ల దూరంలో ఉందని చూపించింది, నలభై నిమిషాలు అదే చూపించింది. చీకటి పడింది, స్టాపులో లైటు లేదు, అన్నయ్యకు ఫోన్ చేసి బైక్ మీద పోయాను. ఇంట్లో కాలేజీ మానెయ్యమంటున్నారు. – డిగ్రీ రెండో సంవత్సరం

ఇది చదివి నాకు నిద్ర పట్టలేదు తల్లీ. పైన డబ్బు గురించి ఇంత రాశాను, నీ స్టాపుకు కావలసింది ఒక బల్బు, ఒక బెంచీ, గోడ మీద పెయింటుతో రాసిన టైములు. ఆ ఫోన్ బొమ్మ బండిలో మిషన్ పని చేస్తేనే నిజం చెప్తుంది. గోడ మీది టైము చార్జింగ్ అయిపోదు. మీ పంచాయతీకి వీధిలైట్ల ఖర్చు ఎలాగూ ఉంటుంది, ఒక స్తంభం స్టాపు దగ్గరికి జరపమని మీ క్లాసు ఆడపిల్లలంతా కలిసి కాగితం ఇవ్వండి. కాలేజీ మానెయ్యొద్దు. మీ నాన్నగారికి ఈ పేజీ చూపించి, ఆఖరి బస్సు కండక్టరుతో ఒకసారి మాట్లాడి పెట్టుకోమను. మా వాళ్ళకు రోజూ ఎక్కే ఆడపిల్ల స్టాపులో కనబడకపోతే ఒక్క నిమిషం ఆపి హారన్ కొట్టే అలవాటుంది, నేను కొట్టాను, టైము పోయిందని తిట్లూ తిన్నాను.

1999లో ఒక కండక్టరు టికెట్ వెనక ‘ఒకటిన్నర ఇవ్వాలి’ అని రాసిచ్చి, దిగేటప్పుడు అడిగితే చిల్లర లేదన్నాడు. గొంతు, మీసం చూస్తే మీరే అనుకుంటా. – గుర్తుంచుకున్నవాడు

ఆ ఏడాది మీసం ఉన్నవాళ్ళం డిపోలో ఎనభై మందిమి. టికెట్ దాచిపెట్టి ఉంటే వెనకవైపు ఫొటో తీసి పెట్టండి. చేతిరాత నాదైతే ఫోన్‌పే చేస్తాను, వడ్డీ మాత్రం అడగొద్దు.